డమ్‌డమ్ తూటాకు వకాల్తా పుచ్చుకున్న జనరల్

కోల్‌కతాలో విమానం దిగేవారికి డమ్‌డమ్ అంటే ఎయిర్‌పోర్టు ఉన్న చోటు. సైనిక చరిత్రలో మాత్రం అది ఒక తూటా పేరు. ఒంటిని తాకగానే ముక్కు విచ్చుకుని పుట్టగొడుగులా పరుచుకునే తూటా అది. దాన్ని రూపొందించింది డమ్‌డమ్ ఆయుధ కర్మాగారానికి చెందిన కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే. ప్రపంచ దేశాల ముందు దాని తరఫున వాదించింది మేజర్ జనరల్ సర్ జాన్ ఆర్డా.

ఆర్డా 1840లో ఐర్లండ్‌లో ఒక మతాధికారి ఇంట పుట్టారు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో హీబ్రూ, గణితం చదివి, ఊలిచ్ సైనిక అకాడమీ నుంచి 1859లో రాయల్ ఇంజినీర్స్‌లో చేరారు. 1878 బెర్లిన్ మహాసభలో సైనిక నిపుణుడిగా కూర్చున్నారు. ఆ తర్వాత బల్గేరియా సరిహద్దుల నిర్ణయంలో పాలుపంచుకున్నారు. 1882లో ఈజిప్టులో యుద్ధం చూశారు. 1888 నుంచి 1894 దాకా వైస్రాయ్ ప్రైవేట్ సెక్రటరీగా మన దేశంలో పనిచేశారు. అప్పటి రాజధాని కలకత్తా. డమ్‌డమ్ ఆ నగరం అంచునే ఉంది. 1857 జనవరిలో కొవ్వు పూసిన కార్ట్రిడ్జుల వదంతి మొదట గుప్పుమన్నదీ అక్కడే.

ఆర్డా ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక, 1895లో చిత్రాల్ దండయాత్ర జరిగింది. పాత మార్టినీ-హెన్రీ రైఫిల్‌ది లావుపాటి సీసపు గుండు. దాని స్థానంలో వచ్చిన .303 తూటా సన్నగా, పూర్తి లోహపు తొడుగుతో ఉండేది. అది మనిషి ఒంట్లోంచి దూసుకుపోతున్నా అతను ఆగకుండా మీదికి వస్తున్నాడని సైనికులు ఫిర్యాదు చేశారు. బెర్టీ-క్లే తూటా కొనపై తొడుగు కొంచెం తగ్గించి, లోపలి సీసం బయటికి కనిపించేలా చేశారు. 1897-98 తీరా దండయాత్రలో అఫ్రీదీల మీద దాన్ని వాడారు.

వేటగాళ్లకు ఇది కొత్త విద్య కాదు. జింక గాయంతో పారిపోయి అడవిలో నరకయాతన పడకుండా, పడినచోటే ప్రాణం విడవాలని మెత్తని ముక్కు తూటా వాడతారు. అయితే అది నమ్మకంగా పనిచేయాలంటే సీసం ఎంత బయట ఉంది, తొడుగు ఎంత మందం, వేగం ఎంత అనే మూడింటికీ పొత్తు కుదరాలి. మరీ మెత్తనైతే భుజం ఎముక దగ్గరే ముక్కలవుతుంది. మరీ గట్టిదైతే విచ్చుకోకుండానే అవతలికి పోతుంది. డమ్‌డమ్ తూటాకు అడుగున కూడా తొడుగు తెరిచే ఉండేది. సీసం ముందుకు దూసుకుపోయి, ఖాళీ తొడుగు గొట్టంలో ఇరుక్కుంటే తర్వాతి కాల్పు కాల్చినవాడికే ప్రమాదం. దాని తర్వాత ఇంగ్లండ్‌లో చేసిన బోలు ముక్కు తూటాలోనూ తొడుగు ఊడిపోయే జబ్బు బయటపడింది.

1899లో హేగ్ శాంతి మహాసభ ఈ తూటాను నిషేధించబోయింది. అప్పటికి ఆర్డా సైనిక గూఢచార విభాగం డైరెక్టర్, బ్రిటన్ సైనిక ప్రతినిధి. ఆయన వాదనలో ఒక భాగం సాంకేతికం. జర్మనీలోని ట్యూబింగెన్‌లో డాక్టర్ బ్రున్స్ చేసిన ప్రయోగాలు యూరప్‌ను భయపెట్టాయి. కానీ ఆయన కాల్చినవి సీసం చాలా ఎక్కువగా బయటపడిన వేట తూటాలే తప్ప డమ్‌డమ్‌వి కావని ఆర్డా ఎత్తిచూపారు. అది సబబే. రెండో భాగం వేరు. నాగరిక సైనికుడు గాయపడితే పడుకుని అంబులెన్స్ కోసం చూస్తాడని, అనాగరికుడు ఎన్ని గాయాలైనా దూకుతూనే ఉంటాడని, అతన్ని ఆపడానికి వేరే తూటా కావాలని ఆయన వాదించారు.

శత్రువును పోరాడలేని స్థితికి తెస్తే చాలు, అంతకు మించిన బాధ అనవసరం అన్న సూత్రాన్ని 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బ్రిటన్ ఒప్పుకుంది. ఆ సూత్రం గాయాన్ని చూస్తుంది, గాయపడినవాడి జాతిని చూడదు. చదువు, అనుభవం, నిజాయితీ ఉన్న అధికారి ఆ తేడా గమనించలేదు. సభ గమనించింది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకంగా ఓటు వేసినా తీర్మానం నెగ్గింది.

ఆ వెంటనే బోయర్ యుద్ధం వచ్చిపడింది. ఆర్డా విభాగం ముందే హెచ్చరించలేదని నిందించారు. విచారణ కమిషన్ ఆ నిందను తోసిపుచ్చింది. బ్రిటన్ 1907లో హేగ్ ప్రకటనలో చేరింది. ఆర్డా మరణించింది కూడా ఆ ఏడాదే.

అయితే ఆయన గీసిన గీత అప్పటికీ చెరిగిపోలేదు. ఆ ప్రకటన సంతకం చేసిన దేశాల మధ్య యుద్ధాలకే వర్తించేది. సంతకం చేసే హక్కే లేని సరిహద్దు తెగలకు, వలస ప్రజలకు అది రక్షణ ఇవ్వలేదు. దేశాల మధ్య యుద్ధాల్లో ఈ తూటా వాడకాన్ని రోమ్ శాసనం యుద్ధ నేరంగా పేర్కొంది. 2010 కంపాలా సవరణతో అది అంతర్గత పోరాటాలకూ విస్తరించింది. ఆ శాసనంలో మన దేశం సభ్యురాలు కాదు.

తూటా అవతలికి దూసుకుపోయి దారినపోయేవారికి తగలకూడదని అనేక దేశాల పోలీసులు ఇవాళ విచ్చుకునే రకాన్నే వాడుతున్నారు. అందులో అర్థం ఉంది. అందుకే తూటా మంచిదా చెడ్డదా అని అడిగితే సరిపోదు. ఎక్కడ, ఎందుకు వాడుతున్నామన్నది అడగాలి. ఎదుటివాడు ఎవడన్నది ఆ లెక్కలోకి రాకూడదు. ఉగ్రవాదిపై పోరులో నియమాలెందుకని అడిగే యువ అధికారులు ఆర్డా జీవితం ఒకసారి చదవాలి. ఆయన వాదన కూడా అక్కడి నుంచే మొదలైంది.