మనసుకు మందు రాసిన బల్ఖీ

చౌడేపల్లెలోనైనా, పుంగనూరులోనైనా ఇంట్లో ఒకరు దిగులుతో మంచం పడితే మనకు ముందు గుర్తొచ్చేది తాయెత్తు. వెయ్యేళ్ళ క్రితమే అబూ జైద్ అల్ బల్ఖీ వేరే దారి చూపారు.

క్రీ.శ. 850 ప్రాంతంలో, నేటి అఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ దగ్గర ఒక బడిపంతులు ఇంట ఆయన పుట్టారు. ఇరాక్‌లో అల్ కిందీ వద్ద చదువుకుని తిరిగొచ్చారు. వైద్యులు ఒంటినే చూసి మనసును వదిలేస్తున్నారని ఆయన బాధ. అందుకే మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్ గ్రంథంలో కోపం, భయం, దుఃఖం, వస్వసా అనే తొలిచే శంక, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం రాశారు.

జ్వరం మందు ఇంట్లో ఉంచుకున్నట్టే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలు పోగుచేసుకోవాలన్నారు. కోపమో భయమో పొంగినప్పుడు వాటిని తీసి తనకు తాను చెప్పుకోవాలి. అది చాలకపోతే మంచిమాట చెప్పగల మరొకరి ఎదుట కూర్చోవాలి. శంక పట్టినవారిని ఒంటరిగా వదలకూడదు. కారణం తెలియని దిగులుకైతే మాటతోపాటు ఒంటికి వైద్యమూ కావాలన్నారు. నీకేం తక్కువని గద్దించే మనం ఇక్కడ కాస్త ఆగాలి.

934లో కన్నుమూసిన ఆయనకూ భయం తెలుసు. ఖురాసాన్ అమీరు బుఖారాకు పిలిస్తే బయలుదేరి, జైహూన్ నది అలలు చూసి ఒడ్డు నుంచే వెనక్కి మళ్ళారు. అమీరుకు ఆయన సంజాయిషీ రాసి పంపారని చెబుతారు.