పదేళ్ళ పిడుగుకు అక్షింతలు

ఈ జూలైతో ‘థండర్‌బోల్ట్ ఫాంటసీ’కి పదేళ్ళు నిండుతున్నాయి. తైవాన్ బొమ్మలవాళ్ళూ జపాన్ కథకుడూ కలిసి 2016 జూలైలో బుల్లితెర మీదికి వదిలిన ఈ కత్తుల జానపదం నాలుగు సీజన్లు, 52 భాగాలు, మూడు సినిమాలుగా సాగింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన చివరి సినిమాతో కథ కంచికి చేరింది. మధ్యలో కొదాన్షా వారి ‘మార్నింగ్’ వారపత్రికలో కామిక్‌గానూ వచ్చింది. మామూలుగా ముందు కామిక్ వస్తుంది, అది ఆడితే టీవీవాళ్ళు కన్నేస్తారు. ఇక్కడ అంతా తిరగబడింది. బొమ్మలు ముందు ఆడాయి, కాగితం మీదికి ఆ తర్వాత ఎక్కాయి.

పుట్టినరోజు పిల్లవాడిని పీటమీద కూర్చోబెట్టాక ముందుగా తలచుకోవలసింది తాతముత్తాతలనే.

తైవాన్ పడమటి వైపు యున్‌లిన్ జిల్లాలో హూవేయ్ అనే ఊరుంది. చక్కెర మిల్లుకూ, బొమ్మలాటకూ పేరు పడిన ఊరు. అక్కడి ఆట పేరు బుదైషీ. మన తోలుబొమ్మలాటలో తెర మీద పడే నీడను చూస్తాం. వీళ్ళది నీడాట కాదు. చెక్కతో చెక్కిన తల, దానికి కుట్టిన గుడ్డ చొక్కా, ఆ చొక్కాలో దూరిన మనిషి చెయ్యి. చూపుడు వేలు తలను తిప్పుతుంది, బొటనవేలు ఒక చేతిని, మిగిలిన వేళ్ళు రెండో చేతిని ఆడిస్తాయి. అంతే సరంజామా. దానితోనే యుద్ధాలు, పెళ్ళిళ్ళు, విరహాలు, ప్రళయాలు అన్నీ నడిపించేవారు.

1901లో పుట్టిన హువాంగ్ హాయ్‌తాయ్ ఈ విద్యలో మహామహుడు. నూరేళ్ళు దాటి బతికి 2007లో కన్నుమూశాడు. ఆయన యవ్వనమంతా జపాన్ ఏలుబడిలోనే గడిచింది. యుద్ధకాలంలో జపాన్ ప్రభుత్వం తైవాన్ బొమ్మలకు కిమోనోలు తొడిగించి, వాటి చేత జపనీస్ మాట్లాడించి, జపాన్ కథలు ఆడించింది. తమ కథ తమ భాషలో చెప్పుకునే వీలు లేకపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో కాసేపట్లో పని పడుతుంది.

ఆయన కొడుకు హువాంగ్ జున్‌షియోంగ్ తండ్రిని మించిన ఘటికుడు. 1970లో యున్‌జౌ వీరుడు షి యాన్‌వెన్ కథను టీవీకెక్కించాడు. 583 భాగాలు నడిచింది. ఆ సమయానికి నూటికి తొంభైయేడు మంది టీవీ ముందే ఉండేవారని తైవాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. లెక్క కచ్చితమో కాదో గాని, దెబ్బ మాత్రం గట్టిగానే తగిలి ఉండాలి. రైతులూ కూలీలూ పనులు మానేస్తున్నారన్న సాకుతో 1974లో ప్రభుత్వం ఆటను ఆపేయించింది. అసలు నొప్పి ఆ బొమ్మలు మాట్లాడే తైవానీ భాషతో. సర్కారు మాండరిన్‌ను నెత్తికెత్తుకున్న రోజులవి. పంట పాడవుతుందని బొమ్మల్ని నిషేధించిన దొరతనం ఇంకెక్కడైనా ఉందా అంటే నాకైతే తోచడం లేదు.

మూడో తరంలో ఇద్దరు అన్నదమ్ములు. చియాంగ్‌హువా కథలూ నిర్మాణమూ చూసుకుంటే, వెన్‌జే గొంతు ఇచ్చేవాడు. గొంతు అంటే ఒక పాత్రకు కాదు, అన్ని పాత్రలకూ. వీరుడు, విలను, ముసలమ్మ, పడుచుపిల్ల, రాక్షసుడు అందరూ ఆయన నోట్లోంచే పుట్టేవారు. ఆయన 2022లో పోయినప్పుడు ఒక్క మనిషితో ఒక ఊరు ఊరంతా మూగబోయినట్టయింది. వీళ్ళ పీలీ సంస్థ బొమ్మల సీరియళ్ళను క్యాసెట్లుగా, తర్వాత డీవీడీలుగా ఇంటింటికీ చేర్చింది. 2006లో తైవాన్‌కు గుర్తుగా దేన్ని చూపించాలని జనాన్ని ఓటు అడిగితే మొదటి స్థానం ఈ బొమ్మలాటకే దక్కింది.

ఇక పుట్టినరోజు పిల్లవాడి సంగతికి వద్దాం. 2014లో గెన్ ఉరోబుచి అనే జపాన్ రచయిత ఏదో పనిమీద తైవాన్ వచ్చి పీలీ బొమ్మల ప్రదర్శన చూశాడు. ‘మడోకా మాజికా’, ‘ఫేట్ జీరో’ రాసినవాడు. పాత్రల్ని కష్టాలు పెట్టడంలో, పాఠకుల్ని ఏడిపించడంలో అందెవేసిన చెయ్యి. అలాంటివాడు బొమ్మలు చూసి చిన్నపిల్లాడిలా మోజుపడ్డాడు. స్క్రిప్టు ఉరోబుచిది, పాత్రల రూపకల్పన అతని సంస్థ నైట్రోప్లస్‌ది, బొమ్మల తయారీ, ఆడించడం, చిత్రీకరణ తైవాన్‌లో పీలీవాళ్ళవి, సంగీతం హిరోయుకి సవానోది. ఒకప్పుడు ఈ బొమ్మలకు జపాన్ తన కథను రుద్దింది. ఎనభై ఏళ్ళు తిరక్కముందే జపాన్ రచయిత ఒకడు తైవాన్ బొమ్మల కత్తియుద్ధాల కథను, వాళ్ళ సంప్రదాయానికి ఒదిగేలా, చేతులు కట్టుకుని మరీ రాసిచ్చాడు. ఈ అభినందనలో సగం నేను ఇస్తున్నది ఇందుకే.

మొదటి భాగంలో ఒక దృశ్యం చూడండి. జోరున వాన. దారి పక్కన రాతి బుద్ధుడు. ఆయన తడవకుండా ఎవరో పెట్టిపోయిన గొడుగు. షాంగ్ బూహ్వాన్ అనే బాటసారి తడిసి ముద్దయి వస్తూ ఆ గొడుగు మీద కన్నేస్తాడు. రాతికి జలుబు చేస్తుందా అన్నట్టు చెయ్యి చాపుతాడు. పక్కనే పొగ తాగే గొట్టం పట్టుకుని తీరిగ్గా నిలబడ్డ లిన్ షుయ్‌యా ఆపుతాడు. దేవుడి సొత్తు ఊరికే పట్టుకుపోకూడదు, దారిలో మొదట ఎదురైనవారికి నువ్వు కూడా దయ చూపిస్తానని మాటిచ్చి తీసుకో అంటాడు. సరేనని బయల్దేరతాడు పాపం. ఎదురయ్యేది ఎవరు? శత్రువులు తరుముతుంటే ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తే దాన్ ఫేయ్. ఆమె వంశం కాపాడుతున్న మహాఖడ్గం కోసం మియే తియన్‌హాయ్ అనే కత్తుల పిచ్చివాడు ఆమె అన్నను చంపేశాడు. ఒక గొడుగు అప్పు 13 భాగాల యుద్ధమై కూర్చుంటుంది. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు ఈ సరదా వెంటనే ఎక్కుతుంది.

ఆ దృశ్యంలో కథ కన్నా నాకు ఇష్టమైనది బొమ్మ నడక. షాంగ్‌ది బద్ధకపు నడక, భుజాలు జారేసుకుని. లిన్‌ది అలా కాదు. వేళ్ళ మధ్య పొగగొట్టం తిరిగే తీరులోనే వీడిని నమ్మకూడదని తెలిసిపోతుంది. (నిజంగానే నమ్మకూడదు. వాడు పేరుమోసిన దొంగ. దొంగిలించేది సొమ్ము కాదు, దుర్మార్గుల అహంకారం.) చెక్కముఖం కవళికలు మార్చదు. ఆ పని మెడ వంపు చెయ్యాలి, చేతి విసురు చెయ్యాలి, పక్కకు తిరిగేముందు ఆగే అరక్షణం చెయ్యాలి. పూర్వపు బొమ్మ అరచేతిలో ఇమిడేది. టీవీ కోసం పెరిగిపెరిగి ఇప్పుడు దాదాపు మీటరు ఎత్తుకు చేరింది. బరువూ పెరిగింది. ఒక చెయ్యి లోపల తలను మోస్తుంటే రెండో చెయ్యి బొమ్మ చేతిని నడిపించాలి. కెమెరాకు కనబడకుండా ఒంగి, బొమ్మను తన తలకన్నా పైకెత్తి పట్టుకుని, కత్తి దూసే వేగం తేవాలి. గాలిలో పల్టీ కొట్టాలంటే బొమ్మను నిజంగానే పైకి విసరాలి. మంటలూ మెరుపులూ కొన్ని కంప్యూటరువే, కాదనను. బొమ్మ మాత్రం బొమ్మే.

ఇంకా చూడనివారు ఈ పేరా వదిలేసి కిందికి వెళ్ళండి. మొదటి సీజన్ చివర్లో షాంగ్ ఒరలోంచి తీసేది కత్తి కాదని, వెండిరంగు పూసిన కర్ర అని బయటపడుతుంది. ప్రాణశక్తిని నింపగలిగితే ఏ కర్రైనా కత్తే అంటాడు. మరి అసలు కత్తులో? లోకానికి చేటు తెచ్చే 36 ఖడ్గాలను ఒక చుట్టలో బంధించి, ఎవరి చేతికీ చిక్కకుండా ఎడారులు దాటి మోసుకొచ్చింది ఇతగాడే. కత్తుల కోసం తన్నుకునే కథలో నాయకుడు కత్తి అక్కరలేనివాడు కావడం, అదీ కర్రతో చెక్కిన బొమ్మ చేతిలో కర్ర పెట్టి చెప్పడం ఉరోబుచి చమత్కారం. మియే తియన్‌హాయ్ అంతిమ ఘట్టం కూడా అంతే. తనను ఓడించిన ఆనందం లిన్‌కు దక్కనివ్వకుండా ఆ మహాఖడ్గాన్నే విరగ్గొట్టి, లోకాన్ని దయ్యానికి అప్పగించి మరీ చస్తాడు. ఇంత పంతం ఉన్న విలన్‌కు నమస్కారం పెట్టాల్సిందే.

పండగ పూట వంకలు పెట్టకూడదు గాని, పెద్దవాళ్ళు ముద్దు చేస్తూనే చెవి మెలిపెడతారు కదా. 2018 నాటి రెండో సీజన్లో మాట్లాడే పిపా వాద్యంతో లాంగ్ వూయావ్ వచ్చాడు, బాగుంది. మొదటి సీజన్ పాట పాడిన నిషికావానే ఆ పాత్రకు గొంతు ఇవ్వడం ఇంకా బాగుంది. 2021 నాటి మూడో సీజన్లో మాత్రం మనుషులు ఎక్కువై కథ చిక్కుపడింది. 2024లో నాలుగోది వచ్చేసరికి విప్పవలసిన ముడులు అన్ని ఉండిపోయాయి కాబట్టి నడక పరుగయింది. మొదటి 13 భాగాల పొందిక మళ్ళీ రాలేదన్నది నా తీర్పు. అయినా ఆ 13 భాగాలు చాలు, ఈ పేరు నిలబడడానికి.

యున్‌లిన్ బొమ్మలవాళ్ళకు, హువాంగ్ ఇంటి నాలుగో తరానికి, జపాన్ మిత్రులకు పదేళ్ళ పండగ శుభాకాంక్షలు. చల్లగా ఉండండి, ఇంకా ఆడించండి.

కొత్తగా చూడబోయే తెలుగు పాఠకులకు ఒక మాట. వచ్చిన వరసలోనే చూడండి. మొదటి సీజన్ కాగానే 2017 సినిమా, రెండో సీజన్ కాగానే 2019 సినిమా. ఒక్కో భాగం చివర పేర్లు పడుతున్నప్పుడు రిమోట్ నొక్కేయకండి. బొమ్మల్ని ఆడించినవాళ్ళు తెర మీదికి వచ్చేది అక్కడొక్కచోటే.