పొట్టగోడను కుట్టడం నేర్పిన బస్సిని

భివండీ మగ్గాల మీద బతికే మన కుటుంబాలకు హెర్నియా కొత్త మాట కాదు. బరువులు ఎత్తేవారిలో కొందరికి గజ్జలో పేగు జారి ఉబ్బు కనిపిస్తుంది. కూలి పోతుందన్న భయంతో దాన్ని ఏళ్ల తరబడి దాచుకునేవారూ ఉంటారు. ఈ జబ్బుకు నమ్మదగిన ఆపరేషన్ చూపిన వైద్యుడు ఎడోర్డో బస్సిని. ఆయన పొట్టలోనూ ఒకప్పుడు కత్తి దిగింది.

బస్సిని 1844లో ఇటలీలోని పావియా పట్టణంలో పుట్టారు. 22 ఏళ్లకే వైద్యవిద్య పూర్తిచేశారు. అప్పటికి రోమ్ నగరం ఇంకా ఇటలీలో కలవలేదు, పోప్ పాలనలో ఉండేది. దాన్ని కలపాలని పోరాడుతున్న గరిబాల్డీ అనుచరుల్లో ఆయనా చేరారు. 1867 అక్టోబరులో రోమ్ పొలిమేరలోని విల్లా గ్లోరీ వద్ద 70 మందికి పైగా ఉన్న చిన్న దళం పోప్ సైనికులతో తలపడింది. ఆ పోరులో బయొనెట్ బస్సిని గజ్జలో దిగింది. పేగు తెగి, గాయంలోంచి మలం బయటికి వచ్చేది. పైగా శత్రువులకు బందీగా చిక్కారు. చివరకు పావియాలో తన గురువు లుయీజీ పోర్తా చికిత్సతో నెలల తర్వాత కోలుకున్నారు.

లేచి తిరగగలిగాక ఆయన మళ్లీ విద్యార్థి అయ్యారు. వియన్నాలో బిల్‌రోత్ వద్ద, బెర్లిన్‌లో లాంగెన్‌బెక్ వద్ద శస్త్రచికిత్స చూశారు. లండన్‌లో లిస్టర్ వద్ద గాయం చీము పట్టకుండా కాపాడే పద్ధతి తెలుసుకున్నారు. 1882లో పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ఆ రోజుల్లో హెర్నియాకు పట్టీ బిగించుకోవడమే దారి. ఆపరేషన్ చేసినా చాలామందికి ఉబ్బు తిరిగి వచ్చేది. పైరంధ్రం మూస్తే చాలదనీ, వెనకగోడ గట్టిపడాలనీ బస్సిని గ్రహించారు. 1884లో కొత్త పద్ధతి మొదలుపెట్టారు. కండరాల మూడు పొరలను కలిపి, గజ్జ దగ్గరి గట్టి తంతువుకు పట్టుదారంతో కుట్టేవారు. అంతటితో వదల్లేదు. రోగులు ఇంటికి వెళ్లాక కూడా ఏళ్ల తరబడి వారి బాగోగులు తెలుసుకుని, 262 ఆపరేషన్ల ఫలితాలు ప్రకటించారు. హెర్నియా తిరిగి వచ్చినవారు బహు కొద్దిమంది. వారినీ లెక్కలో చూపారు.

హెర్నియాల్లో దెబ్బ తగిలి వచ్చేది చాలా అరుదు. చర్మం సాగుతుంది కాబట్టి తెగదు, లోపలి కండరాల పొరలు మాత్రం చిరుగుతాయి. వాహన ప్రమాదంలో, యంత్రభాగం బలంగా తగిలినప్పుడు ఇలా జరగవచ్చు. సైకిల్ మీంచి పడి హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకున్న పిల్లల్లోనూ కనిపిస్తుంది. ఇలాంటప్పుడు వైద్యులు ముందు స్కానింగ్ చేసి, పేగులకూ ఇతర అవయవాలకూ గాయమైందేమో చూస్తారు. ఆపరేషన్‌లో చిరిగిన పొరలను వెతికి, ఏ పొరను ఆ పొరతో కలుపుతారు. చిరుగు పెద్దదై, గాయం శుభ్రంగా ఉంటే వలలాంటి మెష్ కూడా అమరుస్తారు. బస్సిని కుట్టింది గజ్జ హెర్నియానే అయినా, పొరలను గుర్తుపట్టి గోడను తిరిగి కట్టాలన్న ఆయన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

1904లో సెనేటర్ అయిన బస్సిని 1924లో కన్నుమూశారు. మగ్గంలో ఒక్క పోగు తెగితే వెంటనే ఆపి అతుకుతాం, లేదంటే గుడ్డంతా పాడవుతుంది. ఒంటి విషయంలోనూ అంతే. దెబ్బ తగిలిన చోట ఉబ్బు కనిపిస్తే, పైన గాయం లేకపోయినా, దాచకుండా చెప్పమని బడిలో టీచర్లు, ఇంట్లో అమ్మానాన్నలు పిల్లలకు నేర్పాలి. నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ మాట నాన్నలకూ వర్తిస్తుంది.