షాంపేన్‌ను తేటపరచిన వితంతువు: బార్బ్ నికోల్ క్లికో జీవితం

1805 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో ఫ్రాంస్వా క్లికో అనే యువ వర్తకుడు జ్వరపడి మరణించారు. ఆయన భార్య బార్బ్ నికోల్‌కు అప్పటికి 27 ఏళ్లు. ఆరేళ్ల కుమార్తె ఉంది. పుత్రశోకంతో కుంగిపోయిన మామగారు ఫిలిప్ క్లికో, 1772లో తానే నెలకొల్పిన సంస్థను మూసివేయాలని నిశ్చయించారు. వైన్ వ్యాపారాన్ని తాను నడుపుతానని కోడలు పట్టుబట్టారు. అనుభవజ్ఞుడైన అలెగ్జాండ్ర్ ఫూర్నోతో నాలుగేళ్లు భాగస్వామిగా ఉండి పని నేర్చుకోవాలన్న షరతుతో ఆయన అంగీకరించారు.

నాటి చట్టం కూడా ఆమెకు కలిసివచ్చింది. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం వివాహిత తన భర్త అనుమతి లేనిదే వర్తకం చేయరాదు. వితంతువుకు ఆ ఆటంకం లేదు. 1810లో ఫూర్నోతో భాగస్వామ్యం ముగియగానే ఆమె ‘వవ్ క్లికో పోన్సార్దాన్’ పేరిట సొంత సంస్థను ప్రారంభించారు. పోన్సార్దాన్ ఆమె పుట్టింటి పేరు. తండ్రి రీమ్స్‌లో వస్త్ర పరిశ్రమాధిపతి. ‘వవ్’ అంటే ఫ్రెంచిలో వితంతువు. మన నేలపై శతాబ్దాలుగా అశుభమని ముద్రపడిన పదం, అక్కడ ఒక సీసా మీద నాణ్యతకు గుర్తుగా మారడం భాషాచరిత్రలో చిన్న విషయమేమీ కాదు.

అయితే సంస్థ పుట్టిన సమయం మంచిది కాదు. నెపోలియన్ యుద్ధాలతో సముద్ర మార్గాలు మూసుకుపోయాయి, సరుకు నేలమాళిగల్లోనే నిలిచిపోయింది. ఆకాశంలో తోకచుక్క కనిపించిన 1811లో మాత్రం ద్రాక్ష అద్భుతంగా పండింది. 1814లో నెపోలియన్ పతనం కాగానే, ఫ్రెంచి మద్యంపై రష్యా నిషేధం ఇంకా తొలగకముందే, ఆమె ఒక ఓడను రహస్యంగా కుదిర్చి ఆ పంట తాలూకు 10,550 సీసాలను బాల్టిక్ తీరంలోని కోనిగ్స్‌బెర్గ్ రేవుకు పంపారు. ఆమె విక్రయ ప్రతినిధి లూయీ బోన్ సరుకు వెంట వెళ్లారు. ఓడ పట్టుబడినా, ఎండ వేడికి సీసాలు పగిలినా సంస్థకు అదే అంతం. సరుకు క్షేమంగా చేరింది. ప్రత్యర్థి జాన్ రెమీ మోయెట్ తేరుకునేలోగా అధిక ధరలకు అమ్ముడైపోయింది. కొద్ది ఏళ్లలోనే ‘క్లికో’ అన్న మాట రష్యన్ భాషలోకి చేరి, పుష్కిన్ ‘యెవ్గెనీ అనేగిన్’ కావ్యంలోనూ చోటు సంపాదించుకుంది.

గిరాకీ పెరిగాక అసలు చిక్కు ఎదురైంది. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది. బుడగలు పుట్టేది అప్పుడే. ఆ పని ముగించిన ఈస్ట్ చనిపోయి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి తేట వైన్‌ను మరో సీసాలోకి వంపేవారు. అలా చేస్తే కొంత వైన్ వృథా అయ్యేది, నురగ చచ్చేది, బోలెడు కాలం పట్టేది. మడ్డిని అలాగే వదిలేస్తే గాజులోంచి మసకగా కనబడేది. వేల సీసాల గిరాకీకి ఆ పద్ధతి చాలదు.

1816 ప్రాంతంలో ఆమె, నేలమాళిగల పర్యవేక్షకుడు ఆంత్వాన్ ముల్లర్ కలిసి ఒక బల్లకు రంధ్రాలు తొలిపించి, వాటిలో సీసాలను మెడ కిందికి వచ్చేలా నిలిపారు. రోజూ ఒక్కో సీసాను కొద్దిగా కదిపి, కాస్త తిప్పి తిరిగి పెట్టేవారు. కొన్ని వారాల్లో మడ్డి అంతా జారి బిరడా మీద చేరేది. బిరడా తీయగానే లోపలి ఒత్తిడికి మడ్డి ఎగిరిపడేది. తేట వైన్, బుడగలు మిగిలేవి. చూస్తే వంటింటి బల్లంత సామాన్యమైన పరికరం. మన నాసిక్‌లో సంప్రదాయ పద్ధతిలో తయారయ్యే స్పార్క్లింగ్ వైన్‌కు నేటికీ ఆధారం ఇదే సూత్రం. చేతుల స్థానంలో యంత్రాలు వచ్చి, వారాల పని రోజులకు తగ్గింది, అంతే.

రహస్యం కొన్నేళ్లే దాగింది. ప్రత్యర్థులు పద్ధతిని పసిగట్టారు. ఆమె వద్ద పనిచేసిన గేయోర్గ్ కెస్లర్ స్వదేశానికి వెళ్లి, 1826లో ఎస్లింగెన్‌లో జర్మనీ తొలి స్పార్క్లింగ్ వైన్ సంస్థను స్థాపించారు. ఒత్తిడికి సీసాలు పగలడమనే బెడద మాత్రం ఆమె బల్లతో తీరలేదు. వైన్‌లోని చక్కెరను కొలిచే విధానాన్ని 1836లో షాలోన్ పట్టణపు ఔషధ వ్యాపారి జాన్ బాప్టిస్ట్ ఫ్రాంస్వా రూపొందించాకే ఆ నష్టం తగ్గుముఖం పట్టింది. షాంపేన్ ప్రాంతం గెలిచిందంటే అందులో ఇలాంటి అనేకుల పాలు ఉంది; కీర్తి మాత్రం లేబుల్ మీద పేరున్నవారికే దక్కింది.

బ్యాంకింగ్‌లోకి దిగి ఆమె నష్టపోయారు కూడా. వ్యాపారాన్ని విలాసప్రియుడైన అల్లుడు షెవిన్యే చేతుల్లో పెట్టకుండా, 1821లో ఉద్యోగిగా చేరిన ఎడ్వర్డ్ వెర్లేను భాగస్వామిగా చేసుకుని, 1841లో పగ్గాలు అప్పగించారు. 1866 జులై 29న, 88 ఏళ్ల వయసులో, బూర్సో గ్రామంలోని తమ కోటలో కన్నుమూశారు.

2010లో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల చేరువలో మునిగిన ఓడ నుంచి గజ ఈతగాళ్లు 168 షాంపేన్ సీసాలను వెలికితీశారు. లేబుళ్లు ఎప్పుడో కరిగిపోయాయి. బిరడాల లోపలి వైపున్న ముద్రల ఆధారంగా పలు సీసాలు క్లికో సంస్థవని గుర్తించారు. రసాయన పరీక్షలో ఆ వైన్‌లో లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర తేలింది. నేటి ‘బ్రూట్’ షాంపేన్‌లో అది 12 గ్రాములకు మించదు.