ప్రభువు తప్పు పలికిన భక్తుడు శేషప్ప

జగిత్యాలకు ఈశాన్యమున, గోదావరీమాత దక్షిణవాహినియై ప్రవహించు తావున ధర్మపురి క్షేత్రము వెలసినది. అచట కొలువైన లక్ష్మీనృసింహస్వామినే తన ప్రభువుగ నమ్మి కవిత చెప్పిన భక్తుడు శేషప్ప. ఆయన 18వ శతాబ్ది ప్రాంతము వాడని సాహిత్య చరిత్రకారుల తలంపు. నరసింహ శతకము, నరహరి శతకము, నృకేసరి శతకము ఆయన కృతులు. ధర్మపురి రామాయణమను యక్షగానము కూడ ఆయనదిగ ప్రసిద్ధము.

ఆ కాలమున కవికి పేరు రావలెనన్న పండితుల ఆమోదము కావలెను. కూడు దొరకవలెనన్న దొరల కొలువు కావలెను. శేషప్ప ఈ రెంటిని కాదనెను. నరసింహ శతకము ప్రారంభించుచునే, గణ యతి ప్రాసల లక్షణము తాను చూడలేదనియు, పంచకావ్యములు గాని అమరకోశము గాని చదువలేదనియు స్వామికి విన్నవించుకొనెను. తప్పు దొర్లినంత మాత్రమున భక్తికి కొరత రాదని ఆయన ధీమా. ఇది పైకి వినయమువలె తోచును గాని, లోన పండితులకు సవాలు కూడ ఉన్నది. పల్లకి గాని, బంగారము గాని స్వామినే అడుగలేదని చెప్పుకొన్నవాడు ఇక దొరల నేమి అడుగును!

ఆయన ఎన్నుకొన్నది సీసపద్యము. అది చదువుటకంటె పాడుటకు అనువైనది. నాలుగు దీర్ఘపాదములు రాగమున సాగి, వెంట వచ్చు గీతమున విశ్రమించును. ఆ గీతములో రెండు పాదములు స్వామిని పిలుచు మకుటమునకే పోవును. కనుక పద్యములో ఎంత కటువైన మాట ఉన్నను, పాడువాడు స్వామి నామముతోనే ముగించును. వీధిబడి పిల్లలు, భజనపరులు పాడుకొను నామకీర్తనమును ఏ అధికారి ఆపగలడు?

ఆ కటువైన మాట మాన్యములను గూర్చినది. మాన్యమనగా గుడి దీపమునకో, విద్వాంసునికో పన్ను లేకుండ విడిచిన భూమి. అట్టి భూమి నిచ్చువాడు ఒక్కడును లేడు, పోగొట్టుటకు మాత్రము అందరును సమర్థులేయని ఆయన వాపోయెను. ఎండిన యూరి గోడు పైవారికి చెప్పు దిక్కు లేదు. పండిన యూరికి మాత్రము ప్రతివాడును ప్రభువే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమ ఆ కాలమున చెరువులను, బావులను నమ్ముకొన్న మెట్టనేల. వాన తప్పిన యేట ఆ ఊళ్ల గతి యేమో ఆయన ఎరుగును. నేరము చిన్న ఉద్యోగులపై నెట్టి ఊరుకొనలేదు. అట్టి దుష్టులకు అధికారమిచ్చిన ప్రభువుదే తప్పని తేల్చి చెప్పెను. అధికారము గలవాడు చెవియొగ్గని గోడును స్వామి సన్నిధిలో దాఖలు చేసినాడన్న మాట.

ఈ గోడు ఆయనతో తీరిపోలేదు. 1978లో దొరల పెత్తనముపై రైతుకూలీలు కదలిరాగా, ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను.

ఆయన ఆచారపరులను కూడ విడువలేదు. వేదశాస్త్రములు నేర్చిన ద్విజుడైనను, యజ్ఞము చేసిన సోమయాజియైనను, కావి కట్టిన వాడైనను, యాత్రలన్నియు తిరిగినవాడైనను, గర్వముతో స్వామిని కానకున్న మోక్షము లేదనెను. క్షేత్రములో నిలిచి, యాత్రికులను, యాజ్ఞికులను నిత్యము చూచుచు ఈ మాట పాడుట సామాన్యము కాదు. ధనవంతుడు కూడ తినునది అన్నమే గాని బంగారము కాదన్న ఆయన పద్యము మాత్రము ఎల్లరి నోట నానినది. మాన్యముల పద్యమును కూడ దాని సరసనే పాడుకొనవలెను.

శతకము ముగించుచు శేషప్ప తన పేరు చెప్పుకొనెను. పిదప ఫలశ్రుతి. ఏ మనుజుడైన సరే, భక్తితో ఈ పద్యములు విన్నను, వ్రాసికొన్నను, చదివినను ఫలము కలుగునని పలికెను. అర్హతగా ఆయన కోరినది కులము కాదు, పాండిత్యము కాదు, భక్తి యొక్కటే.