క్లౌ దొర ఆపిన బాప్తిస్మాలు

తెలుగు సినిమాకు నరకం బాగా అచ్చొచ్చిన సెట్టు. 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల, 2007లో యమదొంగ. మంటల నడుమ కింకరులు, చిట్టాలో పొరపాటు చేసి దొరికిపోయే చిత్రగుప్తుడు, చివరికి మానవుడి చేతిలో ఓడిపోయే యముడు. మేమూ చూసి నవ్వుకున్నవాళ్లమే. ఫిల్మ్‌నగర్ వాళ్లతో మాకు తగువేమీ లేదు. మా బాధ మన సంఘాల గురించి. అదే కొండల మీద ఆదివారం ఆరాధనకు వెళ్తే ఆశీర్వాదం, అభివృద్ధి, వీసా గురించి ప్రసంగాలు వినబడతాయి. నరకమనే మాట వినబడి ఎన్నేళ్లయిందో చెప్పలేం. వినబడిన చోట మాత్రం అది చందా వసూలుకో, పిల్లల్ని బెదిరించడానికో వాడుతున్నారు. ఒకరు ఆ మాటను దాచేశారు, మరొకరు కర్రలా పట్టుకున్నారు. ఈ రెండూ చేయని ఒక మనిషిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నాడు. అప్పట్లో భక్తి అంటే పెద్ద ఆసక్తి లేనివాడు, చదువుకునే రోజుల్లో మారుమనస్సు పొందాడు. 1864 చివర్లో భార్య హారియెట్‌తో ఓడ ఎక్కి, మరుసటేడు మద్రాసులో దిగాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలు చేరాడు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌లో ఫలం ఎంత తక్కువంటే, దాన్ని మూసేద్దామా అని స్వదేశంలో ఒకసారి కాదు, పలుమార్లు చర్చించారు.

క్లౌ దొర తన కాలపు మిషనరీలందరిలాగే, క్రీస్తును ఎరుగనివారు నశించిపోతున్నారన్న భారంతో వచ్చాడు. ఆ భారం లేకపోతే ఆ రోజుల్లో నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి ఎవరూ రారు. అయితే ఇక్కడ ఆయనకు ఎదురైన మొదటి మనిషి ఆయన లెక్కలను కొంచెం తారుమారు చేశాడు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. దొర రాకముందే విగ్రహారాధన వదిలి, యోగ గురువుల దగ్గర సత్యాన్ని వెదికినవాడు. క్రీస్తు సంగతి చెవిని పడగానే దాదాపు 40 మైళ్లు నడిచి ఒంగోలు వచ్చాడు. ఈ మనిషిని చూశాక, దేవుడు తనకంటే ముందే ఈ పల్లెల్లో తిరుగుతున్నాడని క్లౌకు అర్థమైంది. ఆయన మాటలో తీర్పు పోలేదు గానీ, తీర్పరి స్థానంలో తాను కూర్చోవడం తగ్గింది.

పేరయ్య వెంట మాదిగలు రాసాగారు. ఒంగోలు అగ్రవర్ణాల వారు, వీళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడి మాన్పిస్తామన్నారు. ఆ రోజు దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ ఒకటో అధ్యాయంలో బలహీనుల పిలుపును గూర్చిన భాగమే కనబడిందట. ఒంగోలు ప్రాంతపు సంఘాల్లో ఈ కథ తెలియని వారు అరుదు. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

తరువాత 1876–78 నాటి కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, క్లౌ దొర మూడు మైళ్లకు పైగా భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పాత సర్వే విద్య అక్కరకొచ్చింది. మాల మాదిగలను తిట్టి కొట్టే మేస్త్రీల బదులు తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు గంపలు మోసినవారు విశ్రాంతి వేళ వాక్యం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు.

ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు.

ఈ సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగాం. కలరా, ఆకలి ఒకేసారి మనుషుల్ని తీసుకుపోతున్నాయి. రేపు బతికుంటామో లేదో తెలియనివారు వచ్చి అడుగుతున్నారు. నరకం ఉందని నమ్మిన మనిషి ఎందుకు ఆగాడు? నీళ్లు కాదు, విశ్వాసమే రక్షిస్తుందని బాప్టిస్టుగా ఆయనకు తెలుసు, అది ఒక జవాబు. మరొకటి, కూడు చూపించి పేర్లు రాయించుకున్నానన్న నింద ఆయన మోయదలచుకోలేదు. మా మట్టుకు మాకు తోచేది ఇంకొకటి. తీర్పు నిజమని నమ్మినవాడు దాని ముందు తానూ నిలబడాలని నమ్ముతాడు. ఆకలిని వాడుకుని ఆత్మలను లెక్కపెట్టుకోవడం అలాంటివాడికి భయం పుట్టించే పని.

లూకా పదహారో అధ్యాయంలో పాతాళంలో యాతన పడినవాడు ఎవరు? తన వాకిట పడి ఉన్న లాజరును దాటుకుంటూ రోజూ సుఖంగా భోంచేసిన ధనవంతుడు. మత్తయి ఇరవై ఐదులో నిత్యాగ్నికి వెళ్లినవారు ఆకలిగొన్నవారికి పెట్టనివారు. ప్రభువు నరకం గురించి చెప్పిన ఈ చోట్ల కరువు కాలువ కనబడుతుంది. చచ్చిన పశువు మాంసం తిని, ఊరి బావి ముట్టనివ్వని ఊళ్లో బతికిన మాదిగకు, భూస్వామి కూడా ఒకనాడు లెక్క చెప్పాలన్న వార్త బెదిరింపు కాదు. అది సువార్తలో భాగమే. నరకం వద్దనే ఉపదేశం సాధారణంగా గేటు లోపలి వారికే ఇంపుగా ఉంటుందని జూబ్లీ హిల్స్ రోడ్ల వెంట నడిచినప్పుడు మాకు అనిపిస్తుంది. లోపల బంగళా, వాకిట వాచ్‌మన్ గది, కిందికి దిగితే బస్తీ.

కరువు సాయం ముగిశాక 1878 జూన్‌లో క్లౌ దొర విశ్వాసులను వెల్లంపల్లి దగ్గరికి రమ్మన్నాడు. కొత్తవారిని రావద్దనే కబురు పంపాడు. వేలమంది వచ్చేశారు. ఇక పని లేదు, డబ్బు లేదు అని వారికి చెప్పాడు. పని కోసం రాలేదని వాళ్లు కదలలేదు. బోధకులు తమతమ ఊళ్ల వారిని ఎరిగినంతలో పరీక్షించారు. జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ పొద్దున ఆరింటి నుంచి, మధ్యాహ్నం కొంచెం ఆగి, సాయంత్రం దాకా ఇచ్చారు. దొర ఒక్కరికి కూడా ఇవ్వలేదు, ఒడ్డున పర్యవేక్షిస్తూ ఉండిపోయాడు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క 9,606కు చేరింది.

ఆ తరువాత కూడా ఆయనను విమర్శించినవారు ఉన్నారు, కరువు క్రైస్తవులని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. ఆయన 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. రెండో భార్య ఎమ్మా ఆయన చెప్పగా రాసిన జీవితకథ 1914లో అచ్చయింది. అందులో ఆయన పేరయ్యకు ఇచ్చిన చోటు చిన్నదేమీ కాదు.