భక్త రామదాసు – ధర్మసూక్ష్మం

ఒకే కార్యం ఒకరికి పుణ్యంగాను, మరొకరికి అపరాధంగాను తోచడం లోకంలో ఉన్నదే. అట్లయితే మంచిచెడులు సందర్భాన్ని బట్టి మారునా, లేక ఎల్లవేళలా ఒక్కటిగానే నిలుచునా? ఈ సందేహానికి భక్త రామదాసు చరిత్ర చక్కని సమాధానం.

కంచర్ల గోపన్న 17వ శతాబ్దిలో, నేటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో, లింగన్న, కామాంబ దంపతులకు జన్మించాడు. 1672లో గోలకొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రిపదవి వహించిన మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. వారి ప్రాపున అతడు పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయినాడు.

ఆ పరగణాలోనిదే గోదావరీ తీరాన వెలసిన భద్రగిరి. పోకల దమ్మక్క అనే భక్తురాలు చిన్న పందిరి వేసి అర్చించిన స్వామి ఎండవానల పాలై ఉండడం చూచి గోపన్న హృదయం ద్రవించింది. వసూలైన శిస్తు ధనం ఆరు లక్షల వరహాలు వెచ్చించి ఆలయ ప్రాకారాలు కట్టించాడని, సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి చేయించాడని గాథ.

శిస్తు ప్రభువుది, తహసీల్దారు దానికి కాపరి మాత్రమే. కాపరి తన చిత్తం వచ్చినట్లు వ్యయం చేయడం విశ్వాసభంగం. తానీషా గోపన్నను చెరలో వేయించాడు. పన్నెండేండ్లు ఆ బాధ సాగిందంటారు. కొరడా దెబ్బలకు తాళలేక అతడు స్వామినే నిష్ఠురమాడి, తాను చేయించిన నగలన్నింటికీ లెక్క చెప్పి, ఆపై ఆ మాటలకు క్షమాపణ వేడుకొని కీర్తనలు పాడాడు. దాశరథీ శతకం కూడా ఆ భక్తుని రచనయే.

తుదకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా తానీషా శయనాగారానికి వచ్చి, ఆరు లక్షలూ చెల్లించి, రసీదు పుచ్చుకొన్నారని భక్తుల విశ్వాసం. మర్మమెరిగిన ప్రభువు గోపన్నను సగౌరవంగా విడిపించాడు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం ఆయన కాలం నుండి వచ్చినదేనని చెబుతారు.

ధర్మసూక్ష్మం ఇక్కడనే ఉన్నది. సర్వలోకాలూ తనవే అయిన స్వామి, ఆ ధనం తనదేనని, బాకీ లేదని తీర్పు చెప్పలేదు. పూర్తిగా చెల్లించాడు, రసీదు సైతం అడిగి తీసుకొన్నాడు. భక్తుని సంకల్పం పవిత్రమైనంత మాత్రాన రాజుగారి సొమ్ము రాజుగారిది కాకపోలేదు. అదే సొమ్ముతో గోపన్న తన మేడ కట్టుకొని ఉంటే అతనికై స్వామి దిగివచ్చేవాడా? కర్త యోగ్యతను తూచేటప్పుడు సందర్భం, సంకల్పం లెక్కకు వస్తాయి. ఋణం మాత్రం ఋణంగానే నిలుస్తుంది. పూర్వులు సామాన్య ధర్మమనీ, విశేష ధర్మమనీ రెండు చెప్పారు. విశేష ధర్మం పేరు చెప్పి సామాన్య ధర్మాన్ని దాటినవాడు ఆ దాటిన వెల చెల్లించవలసినదే. రామదాసు తన దేహంతో చెల్లించాడు. ధనాన్ని స్వామి చెల్లించాడు.

1687లో గోలకొండ మొగలుల వశమైంది. తానీషా రాజ్యం పోయింది. రామదాసు చెరసాల మాత్రం కోటలో నిలిచి ఉన్నది. దాని గోడపై చెక్కిన సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలను యాత్రికులు నేటికీ దర్శిస్తున్నారు. కోటకు చేరువనే ఉన్న పుప్పాలగూడలో నేడు ఆకాశాన్నంటే భవనాలు లేచాయి. ఇతరుల ధనానికి లెక్కలు చూచే ఉద్యోగులెందరో ఆ ప్రాంతాన నివసిస్తున్నారు. అట్టివారు సకుటుంబంగా ఆ చెరసాల ముందు ఒక్క క్షణం నిలిచి, భక్తుని ప్రేమనూ, భగవంతుని రసీదునూ కలిపి స్మరించడం శ్రేయోదాయకం.